గిర్ని అక్క దిగిన రెండు ఫోటోలు

ఫోటోలు తీయాలని ముందే చెప్పి ఉంటే నేను ఆ ఉద్యోగంలో చేరేదాన్ని కాదు.

డిగ్రీ పూర్తయి కామారెడ్డిలో మా ఇంట్లో కూర్చుని, లైబ్రరీ నవలలు చదువుకుంటూ, రాత్రి పడుకునే ముందు డైరీ రాసుకుంటూ కాలం గడుపుతున్నదాన్ని. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో దూరేదాన్ని. పెళ్లిళ్లలో ఫోటో తీసేవాళ్లు కనబడితే ఎవరో ఒకరి వెనకాల నిలబడేదాన్ని. మా బంధువుల ఆల్బమ్‌లలో నావి చెవులు, జడ కొసలు మాత్రమే దొరుకుతాయి. అలాంటి నాకు "కథలు రాసే ఉద్యోగం" ఉందని ఎవరో చెప్పారు. కథలు రాస్తే జీతం ఇస్తారా అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్నే దరఖాస్తు పెట్టాను.

ఆఫీసంటే ఎరువుల దుకాణం మీద రెండు గదులు. పని ఇదీ. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకు, కుట్టు మిషనో, టీ కొట్టో, బర్రెనో కొనడానికి పెట్టుబడి కావాలి. మేం వాళ్ల దగ్గరికి పోయి, వాళ్ల సంగతి తెలుసుకుని, ఫోటో తీసి, కథ రాసి ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటులో పెట్టాలి. ఎక్కడెక్కడో దేశాల్లో కూర్చున్న ముక్కూముఖం తెలియని మనుషులు ఆ ఫోటో చూసి, కథ చదివి, తలా కొంత అప్పు ఇస్తారు. దానం కాదు, అప్పే. ఫోటో కింద ఒక సన్నటి గీత ఉండేది. డబ్బు వచ్చినకొద్దీ అది ఆకుపచ్చగా నిండేది. మొత్తం నిండితే డబ్బు మాకు, మా నుంచి వాళ్లకు. నెలలోపు నిండకపోతే ఫోటో మాయం, అప్పు లేదు.

ఇప్పుడు ఇలాంటి పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ఇది వింతగా ఉండకపోవచ్చు. వాళ్ల ఫోనుతోనే అన్నీ అయిపోతాయి. నేను చెబుతున్నది రెండువేల పన్నెండు ఎండాకాలం సంగతి. సంస్థ మొత్తానికి ఒకే కెమెరా. దాన్ని మెడలో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కితే, నన్ను చూసి పిల్లలు పత్రికవాళ్లనుకుని వెంటపడేవారు. నేను వాళ్లకు కూడా సమాధానం చెప్పలేకపోయేదాన్ని.

నా బదులు మాట్లాడటానికి మా ఆఫీసులో ఒక అన్న ఉండేవాడు. కిస్తులు వసూలు చేయడం ఆయన పని. ఏ ఇంటికి పోయినా చాయ్ తాగకుండా లేచేవాడు కాదు. నన్ను "రైటరమ్మ" అనేవాడు. "రైటరమ్మ మాట్లాడదు, రాస్తది" అని నన్ను పరిచయం చేసేవాడు, అదేదో జబ్బు అయినట్టు. నాకు కోపం వచ్చేది, ఎంతో హాయిగా కూడా ఉండేది.

ఆయనే నన్ను ఎల్లారెడ్డిలో గిర్ని దగ్గరికి తీసుకుపోయాడు. ఒక గల్లీ మధ్యలో పాత పిండి గిర్ని. దాన్ని నడిపే ఆమె తలుపులోంచి బయటికొచ్చేసరికి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉంది. కనుబొమ్మలు, రెప్పలు, చెవుల మడతలు కూడా. ఆ తెలుపులోంచి రెండు నల్లటి కళ్లు నవ్వుతున్నాయి. గల్లీలో అందరికీ ఆమె గిర్ని అక్క.

గిర్ని మాత్రం ఆమెది కాదు, ఒక సేటుది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అక్క అందులో కూలి. సేటు ముసలివాడైపోయి బోధన్‌లో బిడ్డ దగ్గరికి పోతున్నాడు, గిర్ని అమ్మేస్తున్నాడు. బాన్సువాడ నుంచి ఒకాయన మిషన్లు విప్పుకుని పోతానని బేరం పెట్టాడు. సేటు అక్క కోసం నెల రోజులు ఆగుతానన్నాడు. ఆ నెలలో పైసలు తెస్తే గిర్ని ఆమెది. లేకపోతే మిషన్లు లారీ ఎక్కుతాయి, అక్క మళ్లీ ఎండలో కలుపు పనికి. పైగా కారాలు, పసుపు పట్టించే కాలం నెత్తిమీదికి వస్తోంది. ఏడాదిలో గిర్నికి అదే పంట.

నేను కెమెరా తీశాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "గిట్లనా? రేపు రా చెల్లె. తయారై ఉంటా" అంది.

మరునాడు పోయేసరికి నాకు ఎవరింటికి వచ్చానో అర్థం కాలేదు. గల్లీలో కుర్చీ వేసి ఉంది. పక్కన ఒక ఎయిర్ కూలర్. దాని వైరు ఎక్కడా తగిలించి లేదు, ఊరికే ఫోటోకు నిలబడింది. కుర్చీలో పట్టుచీర కట్టుకుని ఒక మహారాణి కూర్చుంది. మెడలో బంగారు గుండ్ల దండ, దాని మీద ఇంకో గొలుసు, చెవులకు పెద్ద కమ్మలు, చేతికి మగవాళ్లు పెట్టుకునే పసుపుపచ్చ గడియారం. ఉంగరాలు కనబడాలని రెండు చేతులు మోకాళ్ల మీద వెడల్పుగా పరిచింది. ముఖంలో నవ్వన్నది లేదు. ఫోటోకు నవ్వడం మర్యాద కాదని చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముందే హెచ్చరించారట.

ఇలా వద్దక్కా అని చెప్పాలని నా గొంతు దాకా వచ్చింది. గల్లీ మొత్తం నావైపు చూస్తోంది. క్లిక్కుమనిపించాను.

ఆ రాత్రి కథ రాశాను. ఆమె కష్టం, ఆమె పట్టుదల, తెల్లవారుజామున మిషన్ మోగే చప్పుడు, అన్నీ పెట్టాను. నవలలు చదివిన పొగరంతా అందులో పోశాను. ఇంగ్లీషులోకి మార్చి, ఫోటోతో కలిపి పైకెక్కించాను.

గీత కదల్లేదు.

అదే రోజు పెట్టిన సదాశివనగర్ బర్రె గీత మాత్రం చూస్తుండగానే నిండిపోయింది. ఆ ఫోటోలో అప్పు అడిగిన ఆమె పక్కకు తిరిగి ఉంది, బర్రె నేరుగా కెమెరాలోకి చూస్తోంది. దాని కళ్లల్లో అంత దిగులుంది. "రైటరమ్మా, బర్రెను చూసి నేర్చుకో" అన్నాడు అన్న.

రెండు వారాలు పోయాక మా సారు నన్ను పిలిచారు. సారు పట్నం నుంచి వచ్చిన మనిషి, మంచివారు, ఎవరినీ గట్టిగా ఏమీ అనరు. కంప్యూటర్‌లో అక్క ఫోటో తెరిచి చాలాసేపు చూశారు.

"ఈమె మనకే అప్పు ఇచ్చేటట్టు ఉంది కదమ్మా" అన్నారు.

అన్న వెనక్కి తిరిగి గోడవైపు నవ్వాడు. సారు మెల్లగా వివరించారు. చూసేవాళ్లకు ఈ బంగారం కనబడుతోంది, అవసరం కనబడటం లేదు. ఆమె పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఫోటో తీసుకురా, పిండి ముఖంతో. చూడగానే గుండె కరగాలి. సారు చెప్పిందాంట్లో తప్పేమీ తోచలేదు. నాకు కూడా మొదటి రోజు ఆ తెల్లటి కనుబొమ్మలే నచ్చాయి కదా.

అన్న ఏదో పెళ్లికి పోయాడు. నేను ఒక్కదాన్నే ఎల్లారెడ్డి పోవలసి వచ్చింది. బస్సులో కూర్చుని, చెప్పవలసిన మాటలు డైరీలో రాసుకుని, లింగంపేట వచ్చేదాకా బట్టీ పట్టాను. అక్క ముందు నిలబడేసరికి అన్నీ మరిచిపోయాను. పిండి, ముఖం, ఫోటో అన్న మూడు ముక్కలు మాత్రం బయటికొచ్చాయి.

అక్క గోనె సంచి కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు ఎన్నడన్న అప్పుకు పోయినవా చెల్లె?"

"లేదక్కా."

"అందుకే తెల్వది. అప్పుకు పోయేటప్పుడు మంచి చీర కట్టుకొని పోవాలె. చినిగిన చీరతోని పోతే బిచ్చమేస్తరు గని అప్పియ్యరు. ఇచ్చెటోనికి ధైర్యం గావాలె గదా, ఈమె మల్ల ఇస్తది అని."

ఎదురింటి గడపలో ఒక అవ్వ కూర్చుని ఉంది. గుండ్ల దండ ఆమెదే. తన కాలం నుంచీ గల్లీలో ఎవరు అప్పుకు పోయినా ఈ దండ వాళ్ల మెడలో పోయేదని, తెల్లారి మళ్లీ తన పెట్టెలోకి వచ్చేదని చెప్పింది. దండకు తెలియని సేటు ఎల్లారెడ్డిలో లేడట. అవ్వ ఆ మాట గర్వంగా చెప్పింది, కొడుకు కలెక్టర్ అయినట్టు. గొలుసు, కమ్మలు ఎవరెవరివో కూడా వేళ్ల మీద లెక్కపెట్టింది.

"అయినా ఈ పిండి నాదా?" అంది అక్క, చేతులు దులుపుకుంటూ. "సేటు గిర్నిది. ఒకల్ల పిండి మొకానికి పూసుకొని లోకానికంత చూపిస్తనా?"

ఫోటో లేకుండానే తిరుగు బస్సెక్కాను. సారుకు ఏం చెప్పాలో తెలియలేదు. కిటికీ పక్కన కూర్చుని అవ్వ మాటలు డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉండగా పెన్ను ఆగిపోయింది. తప్పు ఫోటోలో లేదు. నేను రాసిన కథలో ఉంది. నేను ఒక్క ఆడమనిషి కష్టం గురించి రాశాను. ఫోటోలో ఉన్నది ఒక్క మనిషి కాదు, గల్లీ మొత్తం. నాకు నవ్వు ఆగలేదు. పక్కసీటు ఆమె తన సంచి అటువైపు జరుపుకుంది.

కామారెడ్డి వచ్చేలోపు కొత్త కథ అయిపోయింది. మెడలో దండ ఎవరిది, గొలుసు ఎవరిది, కమ్మలు ఎవరివి, కూలర్ ఎందుకు మోసుకొచ్చారు. కానీ ఒక చిక్కు వచ్చింది. బంగారం అరువుదని లోకానికి చెప్పడమంటే అక్క ఇజ్జత్ నడి బజార్లో పెట్టడమే. ఆమెను అడగకుండా పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అడగాలంటే చదివి వినిపించాలి. గట్టిగా. మనుషుల ముందు.

సారును ఇంకొక్క రోజు అడిగాను. మరునాడు పోయేసరికి ఎల్లారెడ్డిలో కరెంటు లేదు. కరెంటు ఉంటే గిర్ని మోగేది, ఎవరి పనిలో వాళ్లుండేవారు, నేను అక్క చెవిలో చదివి వచ్చేదాన్ని. కరెంటు లేకపోవడంతో గల్లీ గల్లీ అంతా గిర్ని అరుగు మీదే ఉంది. అక్క నాకు ఒక డబ్బా బోర్లించి వేసింది. కాగితం తీశాను. మొదటి వాక్యం నాకే వినబడనంత మెల్లగా చదివాను.

"జర గట్టిగ సదువు బిడ్డా, చీమలకు చెప్తున్నవా" అంది అవ్వ.

చదివాను. దండ దగ్గరికి వచ్చేసరికి అందరూ మాట్లాడటం ఆపేశారు. నేను అక్క వైపు చూడలేకపోయాను. నా చెవుల్లో నా గుండె గిర్నిలా మోగుతోంది.

ముందుగా నోరు విప్పింది పక్కింటామె, గల్లీలో అందరికీ ఖాలా, అంటే పిన్ని. గొలుసు ఆమెది, గడియారం దుబాయిలో ఉన్న ఆమె కొడుకుది.

"అంతా మంచిగ రాసినవు బేటా. కూలర్ ఎవరిదో రాయలే. మాదే గదా."

అంతే, గల్లీ ఒక్కసారిగా లేచింది. కమ్మలు తనవైతే మరదలివని రాశావేమని ఒకామె. కుర్చీ సంగతే లేదని ఇంకొకామె. పట్టుచీర గురించి వద్దే వద్దని టైలరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చీరను ఫాల్ కుట్టమని ఎవరో ఒకామె తనకిచ్చి పోయిందట. ఆమెకు తెలిస్తే కుట్టు మిషన్‌తో సహా తనను చెరువులో పడేస్తుందట. చాలాసేపు వాదులాడి, చీర ఒక మంచి మనిషిది, ఆమె వివరాలు చెప్పడానికి వీల్లేదు అని రాయించారు. అవ్వ అందరినీ ఊరుకోమని, నా కాగితం మీద వేలు పెట్టింది.

"ఈ దండ ఏసుకొని పోయినోళ్లు ఎవ్వలు అప్పు ఎగ్గొట్టలే. గది రాయి ముందుగాల."

రాశాను. ఇంక అక్క ఒక్కతే మిగిలింది. ఆమె గిర్ని తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా, వద్దంటే చింపేస్తాను" అన్నాను. ఆ రోజు ఎవరూ అడగకుండా నేను అన్న మాట అదొక్కటే.

"చింపుడెందుకు" అంది అక్క. "సొమ్ములు నావని పెద్ద మనిషి లెక్క కూసున్నప్పుడు లోపల జర భయమే ఉండే. ఇగ లేదు. పెట్టు."

సారుకు ఫోన్ చేశాను. ఫోటో మారలేదని, కథ మారిందని చెప్పాను. "ఎలాగూ పోయేదే కదా, పెట్టు" అన్నారు. ఎల్లారెడ్డి ఇంటర్నెట్ సెంటర్‌లోనే కూర్చుని ఇంగ్లీషులో కొట్టాను. అలవాటైన పెద్ద పెద్ద మాటలు వాడటానికి ఆ రోజు మనసు రాలేదు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు పెట్టాను, చీర సంగతితో సహా.

తెల్లారి ఆఫీసులో చూస్తే గీత మొదట్లో ఒక పచ్చ చుక్క. మధ్యాహ్నానికి వేలెడంత. మనకు పొద్దుగూకే వేళకు అక్కడెక్కడో తెల్లవారుతుందట, వాళ్లు లేచినకొద్దీ గీత పెరిగేది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తుతుంటే అన్న నా టిఫిన్ డబ్బా తెచ్చి అక్కడే పెట్టడం మొదలుపెట్టాడు. కానీ నెల కూడా అయిపోవస్తోంది. గడువు ఆఖరి రోజుకు గీతలో ఇంకా కొంచెం తెలుపు మిగిలింది. బాన్సువాడ ఆయన లారీ మాట్లాడుకున్నాడని కబురు వచ్చింది. ఆఫీసులో ఒంటరిగా చూసే ధైర్యం లేక నేను ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక్కొక్క కంప్యూటర్‌కు ఒక్కొక్క చిన్న గది. నా గదిలో అక్క, ఖాలా, అవ్వ, టైలరమ్మ. నా భుజం మీద ఎవరిదో గడ్డం. గీత పక్కనే అప్పు ఇచ్చినవాళ్ల చిన్న చిన్న ఫోటోలు వస్తాయని నేను చెప్పి ఉండకూడదు. చెప్పాను. వాళ్లు గీతను వదిలేసి ఆ ఫోటోల మీద పడ్డారు.

ఒకామె కుక్కను ఎత్తుకుని ఉంది. ఒకాయన బనియన్ మీద సముద్రం ఒడ్డున కూర్చున్నాడు. ఇంకొకాయన గడ్డం ఎప్పుడు గీసుకున్నాడో. అందరికంటే అవతల ఒక కుర్రవాడు మెట్ల మీద కూర్చున్నాడు, కాళ్లకు చెప్పులు లేవు, ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గర చినిగి ఉంది.

అందరూ తెరకు ఇంకొంచెం దగ్గరికి జరిగారు.

"అయ్యో" అంది అవ్వ. "ఈ పిలగానికి పాయింటు గూడ సక్కగ లేదు. ఈనకాడ అప్పు తీసుకునుడేంది, పాపం తగులుతది."

అది ఫ్యాషన్ అని, అలా చింపినవే కొనుక్కుంటారని చెప్పాను.

"చదువుకున్నవని ఏది చెప్తె గది నమ్ముతమా" అంది టైలరమ్మ, బట్టల సంగతి తన ముందు మాట్లాడుతున్నానని నొచ్చుకుంటూ.

అక్క ఆ ఫోటోనే చూస్తోంది. అప్పటిదాకా తనకు వస్తుందో రాదో అన్న గుబులుతో చీర కొంగు నలిపేస్తున్న మనిషి, ఇప్పుడు ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది.

"నేను కిస్తు కట్టినప్పుడు ముందుగాల ఈ పిలగానియ్యి ఇయ్యున్రి చెల్లె. మిగిలినోళ్లు ఆగుతరు."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. సెంటర్ నడిపే భాయ్ తన ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని చెప్పాడు. బయట మెట్ల మీద వరసగా కూర్చున్నాం. ఖాలా బుర్ఖా జేబులోంచి పుట్నాలు తీసి అందరి చేతుల్లో పోసింది. నాకు ఏడుపొస్తోంది. వాళ్లు మాత్రం ఆ చినిగిన ప్యాంటు పిల్లగాడికి తల్లి ఉందా లేదా అని మాట్లాడుకుంటున్నారు. ఉంటే అట్ల వదిలేయదని తేల్చారు.

లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వినబడగానే అవ్వే అందరికంటే ముందు లేచింది. కంప్యూటర్ తెరుచుకునేదాకా ఎవరమూ ఊపిరి తీసుకోలేదు. గీత మొత్తం పచ్చగా ఉంది. తెలుపన్నది లేదు. నేను చెప్పనక్కర లేకపోయింది. ఖాలా నన్ను ఎత్తుకున్నంత పని చేసింది. టైలరమ్మ అవ్వ చేతులు పట్టుకుని ఆ ఇరుకు గదిలో చుట్టూ తిప్పింది. పక్కగదిలో ఇంటర్ రిజల్ట్ చూసుకోవడానికి వచ్చినాయన ఎన్ని మార్కులమ్మా అని అడిగాడు. "అన్నీ" అంది అక్క.

సేటుకు డబ్బు అందింది. లారీ మాత్రం రానే వచ్చింది. అన్న దానికి ఎదురుపోయి, డ్రైవరుకు చాయ్ తాగించి, ఖాళీగా పంపించాడట. చాయ్ మాత్రం రెండు కప్పులు తాగానని తనే చెప్పాడు.

అక్క మొదటి కిస్తు కట్టిన రోజు నేను ఆ కుర్రవాడికి వెబ్‌సైటులో ఒక వాక్యం రాశాను. మీ డబ్బు అందరికంటే ముందు ఇవ్వమని గిర్ని అక్క చెప్పింది, మీరు ప్యాంటు కొనుక్కోవాలట. రెండు రోజులకు జవాబొచ్చింది. వాళ్లమ్మకు ఆ మాట చూపించాడట. తను ఎన్నేళ్లుగానో చెబుతున్నది అదే అని ఆమె చాలా సంతోషించిందట. ఈ జవాబును గల్లీలో మూడుసార్లు చదివించుకున్నారు. నాకు గొంతు పెగలదన్న సంగతి అప్పటికే ఎవరికీ గుర్తు లేదు, నాకు కూడా.

అప్పు తీరిపోయాక ఇంకొక ఫోటో పెట్టాలి. అదీ ఒక నియమం. కెమెరా మెడలో వేసుకుని పోయాను. కుర్చీ, కూలర్, దండ అన్నీ ఎదురుచూస్తూ ఉంటాయనుకున్నాను. గల్లీలో ఏమీ లేవు. గిర్ని మోగుతోంది. అక్క తలుపులోంచి బయటికొచ్చింది, మొదటి రోజు ఎలా వచ్చిందో అలాగే, రెప్పల దాకా తెల్లగా.

"తయారవుతావా అక్కా, నేను కూర్చుంటాను."

"తయారైతనే గదా ఉన్న. తియ్యి."

"పిండి..."

"అప్పుడు సేటుది. ఇప్పుడు నా పిండి" అని ఒక గుప్పెడు తీసి ఇంకొంచెం చెంపలకు రాసుకుంది. ఈసారి నవ్వొద్దని ఎవరు చెప్పినా వినేటట్టు లేదు.

తర్వాత ఆఫీసులో సారు ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకున్నారు. అప్పుకు ముందు ఒంటినిండా బంగారం, అప్పు తీరాక ఒంటినిండా పిండి. చూసేవాళ్లు మన సంస్థ గురించి ఏమనుకుంటారమ్మా అన్నారు. "కింద నేను రాస్తాను సార్" అన్నాను. అన్న కుర్చీలోంచి లేచి చూశాడు. రైటరమ్మ మాట్లాడిందని ఆ సాయంత్రం ఆఫీసు మొత్తానికి చాయ్ పోయించాడు.

ఆ పని వదిలి ఏళ్లయింది. కొత్తగా చేరేవాళ్లు పేదవాళ్ల ఫోటో ఎలా తీయాలని నన్ను అడుగుతుంటారు. వాళ్లు ఎలా దిగుతామంటే అలా తీయండి, కింద రాయవలసింది వాళ్లనే అడగండి అని చెబుతాను. ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

ఆ రోజు మాత్రం నా పని పిండి ఫోటోతో అయిపోలేదు. కెమెరా సంచిలో పెడుతుంటే అక్క ఆగమంది. గల్లీలోకి తిరిగి కేకేసింది. ఖాలా, ఇంకొకామె కలిసి కూలర్ మోసుకొస్తున్నారు. వాళ్ల వెనక టైలరమ్మ వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పరిచింది. కొత్త మోటరు కుట్టు మిషన్ కోసం తనకూ అప్పు కావాలట. అవ్వ గుండ్ల దండ అప్పటికే ఆమె మెడలో ఉంది. కట్టుకున్నది మంచి పట్టుచీర, నెమలి రంగుది, జరీ అంచు.

చీర ఎవరిదని నేను అడగలేదు.